పండుగ మర్నాడు హమీద్ ఏం చేస్తాడు?

ప్రేమ్‌చంద్ 1933లో రాసిన ‘ఈద్‌గాహ్’ కథ హిందీ వాచకాల ద్వారా తెలుగు పిల్లలకు కూడా బాగా తెలుసు. అమ్మానాన్నలు లేని హమీద్ దగ్గర ఉన్నవి మూడు పైసలు. తోటి పిల్లలంతా సంతలో మట్టి బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటుంటే, అతను మాత్రం రొట్టెలు కాల్చేటప్పుడు వేళ్లు కాల్చుకునే నాయనమ్మ అమీనా కోసం ఇనుప పట్టకారు బేరమాడి తెస్తాడు. నాయనమ్మ మొదట కోప్పడుతుంది, తర్వాత కన్నీళ్లు పెట్టుకుంటుంది. చిన్నప్పుడు చదివినవారు పెద్దయ్యాక కూడా మరిచిపోలేని కథ.

ఈ కథ ముగిసిన చోట ఒక ప్రశ్న మిగులుతుంది. పండుగ మర్నాడు హమీద్ ఏం చేశాడు? ఎవరితో పోట్లాడాడు, ఏ చెట్టు ఎక్కాడు, బడికి వెళ్లనని ఎలా మారాం చేశాడు? ఇవన్నీ రాయకపోవడం ప్రేమ్‌చంద్ లోపం కాదు. ఆయన రాయవలసిన రోజును రాశారు. మిగతా మూడువందల పైచిలుకు రోజులను రాయవలసినవారు తర్వాత వచ్చినవారు. వారిలో చాలామంది మళ్లీ పండుగ రోజునే రాశారు. అందుకే పిల్లల పుస్తకాల్లో ముస్లిం స్నేహితుడు రంజాను నాడు తలుపు తీస్తాడు, షీర్ ఖుర్మా పెడతాడు, కౌగిలించుకుంటాడు, తలుపు మూస్తాడు. మళ్లీ ఏడాది దాకా కనిపించడు.

హమీద్ వల్ల మరో చిక్కు కూడా వచ్చింది. అతను మరీ మంచివాడు. ఆకలిని, ఆశను, తోటివారి ఎగతాళిని దిగమింగుకుని పెద్దల కోసం త్యాగం చేసిన పసివాడు. టాగూరు కాబూలీవాలా రహమత్ కూడా చివరికి కూతురి మీద ప్రేమతో చదువరి మనసు గెలుచుకునే మనిషే. ఇవి గొప్ప కథలు. కానీ వీటినే నమూనాలుగా పెట్టుకుని ముస్లిం పాత్ర పుస్తకంలోకి రావాలంటే ముందు తన మంచితనాన్ని నిరూపించుకోవాలన్న పద్ధతి స్థిరపడితే, అది పిల్లల మీద పెద్ద భారం. రాముడు, సీత అనే పేర్లున్న పిల్లలు కథల్లో అబద్ధాలాడతారు, జామకాయలు దొంగిలిస్తారు, తిట్లు తింటారు. సలీమ్‌కు, షబానాకు కూడా ఆ హక్కు ఉండాలి.

తెలుగులో ఈ హక్కును చేతల్లో చూపించిన రచన ఉంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ 1999లో పుస్తకంగా వచ్చాయి. నెల్లూరు ప్రాంతపు బాల్యం, అక్కడి పలుకుబడి, ఇంట్లో డబ్బు కటకట, తిండి మీద ఆశ, తల్లి చేతి దెబ్బలు అన్నీ వాటిలో ఉన్నాయి. అందులోని పిల్లవాడు ఎవరికీ ఆదర్శం కాదు, అల్లరి చేసే మామూలు కుర్రవాడు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ అట్టడుగు జీవితాల కథలతో పిల్లల పుస్తకాల వరుసను తయారుచేసినప్పుడు ఆయన కథకు కూడా చోటు దొరికింది. అది తలకాయ కూర గురించిన కథ. పిల్లల పుస్తకంలో మాంసం వండటమే అరుదు. వండుతున్నంతసేపు ఆ వాసనకు పిల్లల నోరూరడం ఇంకా అరుదు.

ఈ చర్చకు చెన్నై తగిన చోటు. తెలుగు పిల్లల చదువుకు ఈ నగరమే పుట్టిల్లు. రేడియో అన్నయ్యగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు ‘బాల’ పత్రికను 1945లో ఇక్కడే మొదలుపెట్టారు. ‘చందమామ’ 1947 జులైలో తెలుగులో, తమిళంలో ఒకేసారి ఇక్కడి నుంచే వెలువడింది. ఇప్పుడు తూలిక, తార, కరడి టేల్స్ అనే మూడు ముఖ్యమైన పిల్లల పుస్తక సంస్థలూ ఈ నగరానివే. తూలిక తన బొమ్మల పుస్తకాలను తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో అచ్చువేస్తోంది.

పాత పత్రికల నాటి నిల్వ ఏమిటో గుర్తు చేసుకుంటే మార్పు తెలుస్తుంది. బాగ్దాదు ఖలీఫా మారువేషంలో తిరుగుతాడు, అక్బరు బీర్బల్‌ను చిక్కు ప్రశ్న అడుగుతాడు, ముల్లా నస్రుద్దీన్ గాడిద మీద ఊరేగుతాడు. అవి అందమైన కథలే, ఊహకు రెక్కలిచ్చినవే. కానీ వాటిలోని ముస్లిం ఎప్పుడూ దూరదేశం వాడో, గడిచిన కాలం వాడో, సింహాసనం మీద వాడో. పక్కింట్లో ఉంటూ సైకిలు పంచరు వేసే మస్తాన్‌భాయ్ గాని, బీడీలు చుట్టే అతని భార్య గాని, లెక్కల్లో తప్పిన వాళ్ల అమ్మాయి గాని ఆ పుటల్లో ఎక్కడో అరుదుగా తప్ప దొరకరు.

కొత్త పుస్తకాల్లో మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే సమస్యను మూడు దారుల్లో ఎదుర్కొన్నట్టు కనిపిస్తుంది.

తూలిక ప్రచురించిన ‘ఇస్మత్స్ ఈద్’ టర్కీ జానపద కథకు ఫౌజియా గిలానీ విలియమ్స్ చేసిన పునఃకథనం. బొమ్మలు ప్రోయితీ రాయ్ వేశారు. పండుగకు ఇంట్లో అందరికీ కానుకలు కొన్న ఇస్మత్ తనకు కొనుక్కున్న లాగు పొడవుగా ఉంటుంది. కాస్త కత్తిరించమని అడిగితే ఎవరికీ తీరిక ఉండదు. తర్వాత ఒక్కొక్కరూ మనసు నొచ్చుకుని, ఒకరికి తెలియకుండా మరొకరు వచ్చి కత్తిరించి కుట్టేస్తారు. చివరికి లాగు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇది పండుగ పుస్తకమే. అయినా పండుగ గురించి పాఠం చెప్పదు. నవ్వంతా కత్తెర దగ్గర, సూది దగ్గర ఉంది. ప్రేమ ఎక్కువై పని చెడిపోవడం ఏ ఇంట్లోనైనా జరిగేదే కాబట్టి, ఈద్ అనే మాటను మొదటిసారి విన్న పిల్లవాడు కూడా ఎక్కడా తడబడకుండా కథ వెంట వెళ్లిపోతాడు.

రెండోది నీనా సబ్నానీ ‘ముకంద్ అండ్ రియాజ్’, ఇది కూడా తూలికదే. దేశవిభజన నాటి కరాచీలో ఇద్దరు స్నేహితుల కథ. ముకంద్ కుటుంబం ఓడెక్కి వెళ్లిపోవలసి వస్తుంది, రియాజ్ అందుకు సాయపడతాడు. గుడ్డ ముక్కలను అతికి కుట్టిన పనితనంతో బొమ్మలు తయారయ్యాయి. విడిపోయిన దేశం కథను అతుకుల బట్ట మీద చెప్పడం ఎంతో ఆలోచించి చేసిన పని. పుస్తకంలో నీతివాక్యం లేదు. ఇద్దరు మళ్లీ కలిశారన్న తీపి అబద్ధమూ లేదు. చెన్నై చదువరికి ఈ కథ మరింత దగ్గరిది. సింధు నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన కుటుంబాలవారు మైలాపూరులోని సూఫీదార్ అనే సంస్థ తరఫున, రంజాను నెలలో ట్రిప్లికేన్ పెద్ద మసీదులో ఉపవాసం విడిచేవారికి దశాబ్దాలుగా తిండి వడ్డిస్తున్నారు. ముకంద్ లాంటివారి బతుకు ఓడ దిగిన తర్వాత ఎలా సాగిందో ఆ వడ్డనలో కొంత తెలుస్తుంది.

మూడోది కరడి టేల్స్ 2018లో తెచ్చిన ‘సాదిక్ వాంట్స్ టు స్టిచ్’. మమతా నైనీ రచన, నీలోఫర్ వాడియా బొమ్మలు. కాశ్మీరులో గొర్రెలు మేపుకుంటూ తిరిగే బకర్‌వాల్ కుటుంబపు పిల్లవాడు సాదిక్‌కు కుట్టుపని అంటే ప్రాణం. ఆ సమాజంలో అది ఆడవాళ్ల పని. ఈ చిక్కు చుట్టూ కథ తిరుగుతుంది. సాదిక్ ముస్లిం అని పుస్తకం ప్రకటించదు, దాచదు కూడా. పేరులో, దుస్తుల్లో, గుడారంలో ఆ సంగతి ఉంది. కథ మాత్రం ఒక అబ్బాయి, అతని చేతిలోని సూది, ఒప్పుకోని అమ్మ. ఈ మూడింటిలో దేన్ని ముందుగా పిల్లల చేతికివ్వాలంటే దీన్నే. పండుగ మర్నాడు ఏం జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు ఇందులో దొరుకుతుంది.

అమెరికాలో, ఇంగ్లండులో ముస్లిం పాత్రలతో పిల్లల పుస్తకాలు గత పదిహేనేళ్లలో బాగా పెరిగాయి. అక్కడి ఒక పెద్ద ప్రచురణ సంస్థ 2016లో ఇందుకోసమే ‘సలామ్ రీడ్స్’ అనే శాఖను తెరిచింది. ఆ పుస్తకాలను ఇక్కడివాటికి కొలబద్దగా పెట్టుకోకూడదు. అక్కడి కథలో తరచూ కొత్త ఊరికి వచ్చిన అమ్మాయి తన ఉపవాసం గురించో తలమీది గుడ్డ గురించో తరగతికి వివరిస్తుంది. అక్కడ ఆ వివరణ అవసరం కూడా. చెన్నైలో ఎవరు ఎవరికి పరిచయం కావాలి? ట్రిప్లికేన్‌లోని వాలాజా మసీదు 1795 నాటిది. పార్థసారథి గుడి నుంచి అక్కడికి నడిచి వెళ్లవచ్చు. ఇక్కడి పిల్లలకు అజాన్ కొత్త కాదు, బిర్యానీ కొత్త కాదు, తరగతిలో పక్కన కూర్చునే ఆయిషా కొత్త కాదు. వీధిలో ఉన్న ఆయిషా పుస్తకంలో లేకపోవడమే ఇక్కడి సమస్య. పరిచయం చేసే పుస్తకం ఈ లోటును తీర్చలేదు. పైగా నిన్నటి దాకా మామూలుగా ఉన్న స్నేహితురాలిని వింతగా చూడటం నేర్పుతుంది.

మాటల దగ్గరికి వస్తే సంగతి ఇంకా సున్నితం. తమిళనాడులో 2006 నాటి చట్టం తర్వాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. చెన్నై తెలుగు ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడతారు, కానీ చదివేది ఎక్కువగా తమిళం, ఇంగ్లీషు. తెలుగు బొమ్మల పుస్తకాన్ని వారికి అమ్మో తాతయ్యో చదివి వినిపించాలి. అంటే ఆ పుస్తకం కంటి కంటే చెవికి ముందు చేరుతుంది. అలా వినిపించేటప్పుడు ఒక మాట పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, అట్ట చివర అర్థం రాస్తే చదువు ఆగిపోతుంది. నైవేద్యానికి, ముగ్గుకు, నోముకు నక్షత్రం గుర్తు పెట్టని పుస్తకం ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సెహరీకి, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వజూకు పెడుతుంది. ఏది ‘మన’ మాట, ఏది ‘వాళ్ల’ మాట అన్న పాఠాన్ని ఆ చిన్న గుర్తు కథ కంటే బలంగా నేర్పుతుంది.

నిజానికి ఆ గీత ఎక్కడ ఉంది? తెలుగు పిల్లవాడు బడిలో హాజరు పలుకుతాడు, కుర్చీ లాగుతాడు, కాగితం మీద తారీఖు వేస్తాడు, జవాబు రాస్తాడు. ఈ మాటలన్నీ అరబ్బీ, పారసీల నుంచి వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకున్నవే. పారసీలో రోజ్ అంటే పగలు. పగలంతా ఉండే ఉపవాసం కాబట్టి అది రోజా అయింది. రోజుకు పదిసార్లు ‘రోజు’ అనే పిల్లవాడికి ‘రోజా’ పరాయి మాట అని చెప్పడం సరికాదు. ఆ రెండు మాటల చుట్టరికాన్ని ఒక్క వాక్యంలో చెప్పగల పుస్తకం వస్తే పిల్లలు దాన్ని ఆటలా అందుకుంటారు.

అనువాదకులకు ఇంకో మంచి మాట కూడా చేతిలో ఉంది. తెలుగు పల్లెల్లో రంజాను ఉపవాసాలను ‘ఒక్కపొద్దులు’ అంటారు. శనివారం పూట తిండి మానేవారు కూడా ఒక్కపొద్దు ఉన్నామనే అంటారు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల ఇంటి భాష తెలుగే. అలాంటి ఇంటి కథ రాసేటప్పుడు ఒక్కపొద్దు అన్న మాటే సహజం. అదే కథ ట్రిప్లికేన్‌లో ఉర్దూ మాట్లాడే ఇంట్లో జరిగితే రోజా అనాలి. తమిళం మాట్లాడే ముస్లిం ఇంట్లో జరిగితే అది నోన్బు. మసీదును పళ్లివాసల్ అని, నమాజును తొళుగై అని అచ్చ తమిళంలో చెప్పుకునే కుటుంబాలవి. నోన్బు తెలుగు నోముకు తోబుట్టువు లాంటి మాట. సాయంత్రం మసీదులో పంచే నోన్బు కంజి గిన్నె పట్టుకుని వచ్చే పిల్లవాడి కథను తెలుగులో చెప్పాలంటే ‘నోము గంజి’ అనే వీలు ఎదురుగానే ఉంది.

పిలుపుల విషయంలో చాలా అనువాదాలు తొందరపడతాయి. పేరు ముస్లింది కాగానే అమ్మ ‘అమ్మీజాన్’, నాన్న ‘అబ్బాజాన్’ అయిపోతారు. ఇది హిందీ సినిమా నేర్పిన అలవాటు. అమ్మీ, అబ్బా అని పిలిచే ఇళ్లు ఉన్నాయి. అమ్మా, నాయనా అనే ఇళ్లూ అంతే నిజం. ఎవరి ఇల్లో తెలుసుకోకుండా రాసిన పిలుపు ఎవరి చెవికీ అతకదు. పేర్లలో కూడా ఇంతే వైవిధ్యం ఉంది. తమిళ తీరంలోని నాగూరు దర్గా మీద భక్తితో తెలుగునాట నాగూర్, నాగుల్ మీరా అన్న పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. మస్తానమ్మ, హుస్సేనమ్మ అన్న పేర్లున్నాయి. హిందూ కుటుంబాల్లోనూ మస్తానయ్యలు, ఫకీరయ్యలు ఉన్నారు. అన్ని పుస్తకాల్లోనూ అలీ, సలీమ్, ఫాతిమా అనే మూడు పేర్లే తిరుగుతుంటే, ఇంత సంపద అటకెక్కినట్టే.

బొమ్మల్లో తప్పులు పిల్లలు ముందుగా పట్టుకుంటారు. తెల్లవారుజాము నమాజు అని రాసి, ఉదయించే సూర్యుడికి ఎదురుగా మోకరిల్లిన మనుషులను గీస్తే రెండు తప్పులు ఒకేసారి జరిగినట్టు. ఫజ్ర్ నమాజు సూర్యోదయానికి ముందే ముగియాలి. చెన్నై నుంచి కాబా వైపు తిరగడమంటే పడమరకు, కాస్త ఉత్తరం మొగ్గుగా తిరగడం. అంటే సూర్యుడు వీపు వైపు ఉంటాడు. ఇంట్లో తమ్ముడితో ఆడుకుంటున్న ఆరేళ్ల పాపకు, చివరికి నిద్రపోతున్న పాపకు కూడా తలమీద గుడ్డ చుట్టడం ఇంకో పొరపాటు. సొంత కుటుంబం మధ్య ఆడవాళ్లు తల కప్పుకోవాలన్న నియమం లేదు. చిత్రకారులు ఇది ముస్లిం ఇల్లని చదువరికి తెలియాలన్న ఆదుర్దాతో గుడ్డ, టోపీ, ఆకుపచ్చ గోడ, నెలవంక అన్నీ ఒకే పుటలో పేరుస్తారు. గోడమీది పంచాంగం కాగితం, తలుపు పక్కన వదిలిన చెప్పులు, వంటింట్లో ఉల్లిపాయల బుట్ట గీసి ఊరుకుంటే ఆ ఇల్లు ఇంకా బాగా తెలుస్తుంది.

మతబోధ కోసం వచ్చే పుస్తకాలు వేరే కోవలోవి. ఢిల్లీలోని గుడ్‌వర్డ్ వంటి సంస్థలు ముస్లిం కుటుంబాల పిల్లల కోసం ఖురాను కథలు, ప్రవక్తల జీవితాలు అందంగా ముద్రిస్తున్నాయి. వాటిలో ప్రవక్తల రూపం గీయరు. ఇసుక దిబ్బలు, ఖర్జూర చెట్లు, గుహ, వెలుగు, పావురాలతోనే కథ నడుస్తుంది. మనిషిని చూపకుండా మనిషి కథ చెప్పడం ఎలాగో ఆ బొమ్మల నుంచి ఏ చిత్రకారుడైనా నేర్చుకోవచ్చు. విశ్వాసం నేర్పే పుస్తకాన్ని, ముస్లిం పిల్లవాడి కథ చెప్పే పుస్తకాన్ని గ్రంథాలయాల్లో ఒకే అరలో కలిపేయడం మాత్రం రెండింటికీ అన్యాయం. సాదిక్ కుట్టుపని కథ మతగ్రంథాల అరలోకి వెళితే అది చేరవలసిన పిల్లలకు చేరదు.

ఈ చెన్నైలోనే పాతకాలపు సాహసం ఒకటి జరిగింది. బెంగాలీ ముస్లిం రచయిత్రి రుకయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ మొదట 1905లో మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. ఆ పత్రికను నడిపిన కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆ కథలోని దేశంలో మగవాళ్లు ఇంటి నాలుగు గోడల మధ్య ఉంటారు, ఆడవాళ్లు ఎండ వేడిని పట్టి వంట చేస్తారు, గాలిలో ప్రయాణిస్తారు. ఇదే కథను తార సంస్థ గోండు చిత్రకారిణి దుర్గాబాయి బొమ్మలతో మళ్లీ తెచ్చింది. పదేళ్లు దాటిన పిల్లలు హాయిగా చదవగలరు. ముస్లిం అమ్మాయిల గురించి రాయాలంటే కష్టాలే రాయాలనుకునేవారు నూటికి పైగా ఏళ్ల నాటి ఈ కలను ఒకసారి చూడాలి.

తెలుగులో కొత్తగా రాయదలచినవారికి సామగ్రి కొదవలేదు. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే పండుగ ఉంది. ఉగాది నాడు దేవుని కడప గుడికి వచ్చే ముస్లిం కుటుంబాలున్నాయి, వారికి బీబీ నాంచారి ఇంటి ఆడపడుచు. ఇవి రాయాలి, కానీ వీటితో ఆగకూడదు. సామరస్యాన్ని చాటడానికే పుట్టిన పాత్రకు మరో పని ఉండదు. దూదిని ఏకే తాతయ్య విల్లు చేసే చప్పుడు, సైకిలు చక్రం తొట్టి నీళ్లలో ముంచి బుడగల కోసం చూసే ఆట, అరబ్బీ బడికి, ట్యూషనుకు మధ్య దొరికే పావుగంటలో క్రికెట్ అన్నీ కథలే.

రంజాను కథ రాసేవారికి మాత్రం క్యాలెండరు మంచి అవకాశం ఇస్తోంది. హిజ్రీ సంవత్సరం 354 లేదా 355 రోజులే. అందుకే రంజాను ఏటా పదకొండు రోజుల మేర వెనక్కి జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. మామిడిపళ్లు, మట్టికుండ గీసిన ఎండాకాలపు రంజాను బొమ్మలు ఇప్పటికే పాతబడ్డాయి. 2030లో రంజాను రెండుసార్లు మొదలవుతుంది, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి. రెండుసార్లూ అది ధనుర్మాసంతో కలుస్తుంది. ట్రిప్లికేన్‌లో ఇంకా చీకటి ఉండగానే ఒక ఇంట్లో సెహరీకి పొయ్యి వెలిగిస్తారు. అదే వేళకు ఆ పక్క ఇంట్లో ఒక పాపను తిరుప్పావై పాడటానికి నిద్ర లేపుతారు. తమిళంలో ఆ పాప వ్రతాన్ని కూడా నోన్బు అనే పిలుస్తారు. రెండు వంటింటి కిటికీలూ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. కళ్లు నులుముకుంటూ ఇద్దరు పిల్లలు అక్కడ నిలబడి ఒకరినొకరు చూసుకుంటారు, ముందు ఎవరు లేచారన్న తగవు అక్కడే మొదలవుతుంది.